మనలో మన మాట: బరువెత్తేముందు ఊపిరి వదలండి

పోయినవారం మాగాయ గురించి చెప్పుకున్నాం కదా! ముక్కలు బాగా ఎండాయా? జాడీలోకి ఎత్తేశారా? ఈ వారం మాత్రం వంటింటి కబుర్లు కాస్త పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసుకుని మాట్లాడుకుందాం. మగవాళ్లెవరైనా ఈ పేజీ చదివితే చదవనివ్వండి, తప్పేం లేదు. కానీ ఈ మాట ముందు మనకోసం.

ఈ సంగతి రాయాలని మూడేళ్లుగా అనుకుంటున్నాను. కాగితం ముందు పెట్టుకోవడం, నాలుగు ముక్కలు రాయడం, చింపేయడం. సిగ్గు! ఆవకాయలో కారం పాళ్లు చెప్పినంత తేలిగ్గా చెప్పే విషయం కాదు మరి. ఇప్పుడు మా అమ్మాయి పురిటికొచ్చింది. దాన్ని చూస్తుంటే ఇంకా నోరు మూసుకుని కూర్చోవడం తప్పనిపించింది. అందుకే రాసేస్తున్నాను.

విషయం గర్భసంచి జారడం. అవును, అదే. మనలో చాలామందికి తెలిసి, ఎవ్వరూ పైకి అనని మాట.

ఉసిరికాయంత భయం

నాలుగేళ్ల కిందట శ్రావణమాసంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి జరిగింది. నాకప్పుడు 42 ఏళ్లు. మూడు రోజులు నిలువుకాళ్ల మీద ఉన్నాను. గుండిగలు దించడం, నీళ్ల డ్రమ్ములు జరపడం, కొబ్బరికాయల బస్తా లాగడం, అన్నీ నేనే. "మా వదిన ఉంటే పదిమంది పెట్టు" అని మా ఆడపడుచు అంటుంటే పొంగిపోయి ఇంకో బిందె ఎత్తేదాన్ని.

మూడోరోజు సాయంత్రం స్నానం చేస్తుంటే కింద చేతికి ఏదో తగిలింది. ఉసిరికాయంత, మెత్తగా. గుండె ఝల్లుమంది. కేన్సరేమోనని రాత్రంతా నిద్రపట్టలేదు. పొద్దున లేచి చూసుకుంటే లేదు! హమ్మయ్య అనుకున్నాను. సాయంత్రానికి మళ్లీ హాజరు.

అప్పట్నుంచి ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. పొత్తికడుపులో బరువు, నడుం లాగడం, దగ్గితే నాలుగు చుక్కలు పడటం, బాత్‌రూంకి వెళ్లొచ్చిన ఐదు నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపించడం. బస్సు ప్రయాణం అంటే భయం. పేరంటానికి వెళ్తే గుమ్మం దగ్గర కూర్చోవడం. మావారికి దూరంగా ఉండటానికి రోజుకో సాకు వెతుక్కోవడం. ఆయన పాపం, నాకు కోపం వచ్చిందేమోనని మల్లెపూలు తెచ్చేవారు. ఆ పూలు చూస్తే నాకు ఏడుపొచ్చేది.

నా అంతట నేను చేసుకున్న వైద్యం

పొట్ట గట్టిపడితే అదే లోపలికి పోతుందని నాకు నేనే తీర్మానించుకున్నాను. 2015 నుంచి ఏటా జూన్ 21న యోగా దినోత్సవం జరుగుతోంది కదా. అప్పట్నుంచి ఏ టీవీ పెట్టినా ఆసనాలే. చూసి మొదలుపెట్టేశాను. రోజూ 300 సార్లు కపాలభాతి, అంటే పొట్టని కొడుతూ ఊపిరిని గబగబా బయటికి తన్నడం. దానిపైన వెల్లకిలా పడుకుని రెండు కాళ్లూ కలిపి పైకెత్తడం, 20 సార్లు.

మూడు వారాలకి ఉసిరికాయ కాస్తా నిమ్మకాయంతయింది.

యోగాని తప్పుపట్టడానికి చెప్పడం లేదండోయ్. పెనం కాలకుండా దోసె పోసి, పిండి బాగాలేదంటే ఎలా? నా ఒంటికేం జరిగిందో తెలుసుకోకుండా నాకు సరిపడని పని చేశాను. తప్పు నాది.

ఇక తప్పక ఒక నర్సింగ్‌హోమ్‌కి వెళ్లాను. ఐదు నిమిషాలు చూశారు. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకా సంచి ఎందుకమ్మా? తీసేద్దాం. బుధవారం వచ్చి చేరండి" అన్నారు. నేను తలూపి వచ్చేశాను. చదివింది ఇంటర్మీడియెట్, అడగాలంటే ఏం అడగాలో కూడా తెలియదు.

"నీక్కూడానా?"

మంగళవారం మధ్యాహ్నం చీరలు సంచిలో సర్దుకుంటున్నాను. మా అత్తయ్యగారు వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నారు. అప్పటికి ఆవిడకి 72 ఏళ్లు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "ఏమ్మా, నీక్కూడా జారిందా?" అన్నారు.

ఆ "కూడా" అన్న మాట నా చెవిలో ఇప్పటికీ మోగుతుంది.

"అత్తయ్యగారూ, మీక్కూడానా?" అన్నాను.

"మీ ఆడపడుచు పుట్టిన ఏడాది నుంచీ. గుడ్డ మడతపెట్టి కట్టుకుంటాను."

లెక్కేసుకుంటే నలభై ఏళ్లు! ఆవిడ ఏనాడూ తిరుపతి మెట్లెక్కలేదు, మోకాళ్ల నొప్పులనేవారు. పెళ్లిళ్లలో పీటల మీద కూర్చునేవారు కాదు, నడుం పట్టేసిందనేవారు. "చాదస్తం" అని నేనూ ఒకటి రెండుసార్లు విసుక్కున్నాను. "ఎవరికీ ఎందుకు చెప్పలేదండీ?" అంటే, "ఎవరికి చెప్పను? మా అత్తకా?" అన్నారు నవ్వుతూ.

నేను బుధవారం ఆసుపత్రిలో చేరలేదు. గురువారం అత్తాకోడళ్లం ఇద్దరం కలిసి పెద్దాసుపత్రికి, ఆడవాళ్ల ఓపీకి వెళ్లాం. ఆ ముందు రాత్రే మావారికి అంతా చెప్పేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి "నేనేదో తప్పు చేశాననుకున్నా" అన్నారు. అంతే. ఎనిమిది నెలల బరువు ఆ ఒక్క మాటతో దిగింది.

కుక్కి మంచం కథ

ఆ డాక్టరమ్మ పడుకోబెట్టి, దగ్గమని, ముక్కమని చూశారు. తర్వాత నింపాదిగా చెప్పారు. ఆవిడ చెప్పింది నా మాటల్లో చెబుతాను.

మన కటి ఎముకల గూటిలో ముందు మూత్రాశయం, మధ్య గర్భసంచి, వెనక మలాశయం ఉంటాయి. వీటికి పైనుంచి ఉట్టి తాళ్లలా కొన్ని బంధాలు, కింద నులక మంచంలా అల్లుకున్న కండరాలు. మంచం బిగువుగా ఉంటే తాళ్లకి శ్రమ లేదు. మంచం కుక్కిపడితే భారమంతా తాళ్ల మీద పడుతుంది, అవీ సాగుతాయి. అప్పుడు మూడింటిలో ఏదైనా జారొచ్చు. మనం అన్నిటినీ కలిపి "గర్భసంచి జారింది" అనేస్తాం. నాకు ముఖ్యంగా జారింది మూత్రాశయం. సంచి దిగింది కొద్దిగానే!

మంచం ఎందుకు కుక్కిపడుతుంది? ముఖ్యంగా కాన్పుల వల్ల. గంటల తరబడి నొప్పులు, పట్టకార్లు వేసి తీసిన కాన్పులు ఇంకా ఎక్కువ దెబ్బ తీస్తాయి. ఆపైన ఏళ్ల తరబడి బరువులు, తగ్గని దగ్గు, మలబద్ధకంతో ముక్కడం, ఒళ్లు పెరగడం. ముట్లుడిగాక ఆ భాగానికి హార్మోను బలం తగ్గుతుంది. నా పెద్దకాన్పు పట్టకార్లతోనే అయింది. ఇంట్లో పెద్దదిక్కు లేక నెల తిరక్కుండానే కొళాయి దగ్గర బిందెలు మోశాను. ఇరవై ఏళ్ల నాటి అప్పు ఇప్పుడు వడ్డీతో వచ్చిందన్నమాట.

దీనికి నాలుగు దశలున్నాయి. మొదటిదాంట్లో లోపలే కాస్త దిగుతుంది. రెండోదాంట్లో ద్వారం అంచు దాకా వస్తుంది. మూడోదాంట్లో బయటికి వస్తుంది. నాలుగోదాంట్లో మొత్తం బయటే. నాది రెండు. అత్తయ్యగారిది మూడు దాటింది.

"మరి సంచి తీసేయమన్నారే?" అని అడిగాను. "మంచం కుక్కిపడితే మంచం బాగుచేయాలి గానీ, పడుకున్న మనిషిని లేపేస్తే సరిపోతుందా?" అన్నారు ఆవిడ. సంచి తీసేసినా కింది కండరాలు బలహీనంగానే ఉంటే, మిగిలిన పైభాగమే జారొచ్చట. దానికి తగిన ఆపరేషన్లు వేరే ఉన్నాయి. కొందరికి అవి నిజంగా అవసరం. కానీ మొదటి రెండు దశల్లో ముందు వ్యాయామం నేర్పి చూడటం పద్ధతి. ఇంగ్లండు వైద్యులు 2019లో రాసుకున్న నియమాల్లో కూడా, ఈ దశల్లో కనీసం 16 వారాలు నేర్పేవాళ్ల దగ్గర కండరాల వ్యాయామం చేయించి చూడమని ఉంది.

మనకి ఇది చిన్న విషయం కాదమ్మా. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిదిమంది! తెలంగాణలో దాదాపు ఎనిమిది. వీటిలో ఎన్నో కారణాలుంటాయి, అవసరమైనవీ ఉంటాయి. కానీ బుధవారం వచ్చి చేరమంటే తలూపిన నాలాంటివాళ్లు కూడా అందులో ఉండే ఉంటారు కదా!

అత్తయ్యగారికి ఆపరేషన్ అక్కర్లేకుండా రింగు పెట్టారు. మెత్తటి సిలికాన్ గాజులాంటిది, లోపల ఉండి అన్నిటినీ పైకి నిలబెడుతుంది. కొన్ని నెలలకోసారి వెళ్లి తీయించి, శుభ్రం చేయించుకుని, పరీక్ష చేయించుకోవాలి. పదిహేను నిమిషాల పని. నలభై ఏళ్ల గుడ్డ ఆ రోజుతో పోయింది.

ఊపిరి నేర్చుకున్నాను

నన్ను ఫిజియోథెరపీ గదికి పంపారు. అక్కడి అమ్మాయికి మా పెద్దమ్మాయి వయసుంటుంది. మొదటి రోజు ఏ వ్యాయామమూ చెప్పలేదు. "ఊపిరి పీల్చండి ఆంటీ" అంది. పీల్చాను. "ఇప్పుడు ఆ నీళ్ల క్యాన్ ఎత్తండి" అంది. ఎత్తాను. "చూశారా, ఊపిరి బిగబట్టారు" అంది.

అదీ అసలు కిటుకు! మన ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులాంటి పొర ఒకటుంది. ఊపిరి పీల్చినప్పుడు ఆ గొడుగు కిందికి దిగుతుంది, అడుగున ఉన్న మంచం కూడా కాస్త దిగుతుంది. ఊపిరి వదిలినప్పుడు రెండూ పైకి లేస్తాయి. ఊపిరి బిగబట్టి బరువెత్తితే? పైన మూత బిగించి, పక్కలు నొక్కినట్టు. లోపలి ఒత్తిడంతా బలహీనంగా ఉన్న అడుగు మీదికే పోతుంది. బిందె ఎత్తినా, పిండి రుబ్బినా, మరుగుదొడ్లో ముక్కినా నేను జీవితమంతా చేసింది అదే.

నేను నేర్చుకున్నది వరసగా చెబుతాను. ముందు డాక్టరు చేత చూపించుకుని, తర్వాతే మొదలుపెట్టండి.

మొదటిది, ఉత్త ఊపిరి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవాలి. ఒక చెయ్యి పొట్ట మీద, ఒకటి పక్కటెముకల మీద. ముక్కుతో మెల్లగా పీలిస్తే పక్కటెముకలు అటూ ఇటూ విచ్చుకోవాలి, పొట్ట కొద్దిగా లేవాలి, కింది భాగం వదులవ్వాలి. పాలు చల్లార్చడానికి ఊదినట్టు వదిలితే పొట్ట తనంతట అది లోపలికి పోతుంది. పది ఊపిర్లు, పొద్దునా సాయంత్రం. రెండు వారాలు ఇదొక్కటే చేశాను. విసుగొచ్చింది, అయినా మానలేదు.

రెండోది, కింది కండరాల బిగింపు. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లో దీని గురించి రాశారు, అందుకే కెగెల్ వ్యాయామం అంటారు. గాలి, మూత్రం రెండూ ఆపుకుంటున్నట్టు లోపలికీ పైకీ బిగించాలి, అదీ ఊపిరి వదులుతూ. ఐదు సెకన్లు బిగింపు, ఐదు సెకన్లు పూర్తి వదులు. పదిసార్లు, రోజుకి మూడు పూటలు. పిరుదులు, తొడలు బిగించకూడదు. వదలడం కూడా బిగించడమంత ముఖ్యం. ఎప్పుడూ బిగిసి ఉన్న కండరానికి బలం రాదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీసు చేయకండి, అది మంచిది కాదు.

దీనికి మంచి రుజువు కూడా ఉంది. బ్రిటన్, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో 447 మంది ఆడవాళ్ల మీద చేసిన పరిశోధన 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 16 వారాల్లో ఐదుసార్లు దగ్గరుండి నేర్పితే, ఏడాది తర్వాత వాళ్లలో బాధలు మిగతావాళ్ల కంటే తగ్గాయి.

మూడోది, ఉడ్డీయాన బంధం. రెండు నెలలయ్యాక డాక్టరమ్మ సరేనన్నారు. మా కాలనీలో యోగా నేర్పే రిటైర్డు పంతులమ్మగారు దగ్గరుండి నేర్పించారు. ఉడ్డీయానం అంటే పైకి ఎగరడం. పదిహేనో శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపికలో ఇది ఉంది. అది ఈ జబ్బు కోసం రాసిన పుస్తకం కాదు, కానీ పొట్టని పైకి లాగే పద్ధతి ఇక్కడ పనికొచ్చేదే.

పరగడుపున, మూత్రానికి వెళ్లొచ్చాక చేయాలి. నేను పడుకునే మొదలుపెట్టాను. మోకాళ్లు మడిచి, ఊపిరంతా మెల్లగా వదిలేయాలి. ఇక ఏమీ లేదన్నాక ముక్కూ నోరూ మూసినట్టుంచి, పీలుస్తున్నట్టుగా పక్కటెముకల్ని విప్పాలి, కానీ గాలి మాత్రం రానివ్వకూడదు. అప్పుడు పొట్ట పక్కటెముకల కిందికి గిన్నెలా గుంటపడుతుంది. ఐదు లెక్కపెట్టి, ముందు పొట్టని వదులు చేసి, ఆ తర్వాత మెల్లగా పీల్చాలి. మధ్యలో మామూలు ఊపిర్లు మూడు నాలుగు. ఇలా మూడుసార్లు చాలు. అలవాటయ్యాక మోకాళ్ల మీద చేతులు ఆనించి, గడ్డం దించి, వంగి నిలబడి చేస్తారు.

ఇక్కడే అందరం తప్పు చేస్తాం. ఊపిరి లోపల ఉంచుకుని పొట్టని బలవంతంగా వెనక్కి లాగుతాం. అలా చేస్తే ఒత్తిడి పైకి పోదు, కిందికే పోతుంది. ఊపిరి పూర్తిగా బయట ఉండాలి, పొట్ట తేలిగ్గా తనే లేవాలి. కింద బరువు తోస్తున్నట్టనిపిస్తే ఆపేయండి.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. రెండోదానికున్నంత రుజువు దీనికి లేదు. కెగెల్‌తో పాటు ఇలాంటివి చేస్తే అదనంగా లాభం ఉందని పరిశోధనల్లో గట్టిగా తేలలేదు. నాకు హాయిగా ఉంది కాబట్టి చేస్తున్నాను. మీకు రెండింట్లో ఒకటే వీలైతే కెగెల్ పట్టుకోండి.

నాలుగోది, విశ్రాంతి. సాయంత్రం పది నిమిషాలు నడుం కింద దిండు పెట్టుకుని, కాళ్లు గోడకి ఆనించి పడుకుంటాను. జారినవన్నీ కాసేపు వెనక్కి వెళ్తాయి, బరువు తీరుతుంది. ఆ పది నిమిషాలు నన్నెవరూ పిలవకూడదని ఇంట్లో చట్టం. మొదట్లో నవ్వారు. ఇప్పుడు మా అబ్బాయే "అమ్మ గోడెక్కింది, ఆగండి" అంటాడు.

వీళ్లు ఉడ్డీయానం చేయకూడదు

గర్భిణులు, ముట్టు రోజుల్లో ఉన్నవాళ్లు, బీపీ, గుండెజబ్బు, కంట్లో నీటి ఒత్తిడి, హెర్నియా, కడుపులో పుండు ఉన్నవాళ్లు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్లు దాని జోలికి పోకండి. పురిటి తర్వాత డాక్టరు సరేనంటేనే. కపాలభాతి, రెండు కాళ్లు కలిపి ఎత్తడం వంటివి ఈ ఇబ్బంది ఉన్నవాళ్లు తెలిసినవాళ్లని అడక్కుండా చేయకండి. నా నిమ్మకాయ గుర్తుందిగా!

మూత్రం అసలు రాకపోయినా, జారిన భాగం పుండు పడినా, లోపలికి వెళ్లకపోయినా, ముట్లుడిగాక రక్తం కనిపించినా వ్యాయామం అంటూ కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రోజూ చేసే పనుల్లో

అరగంట యోగా చేసి, మిగతా పగలంతా ఊపిరి బిగబట్టి బరువులెత్తితే ఏం లాభం? పోపు మాడ్చి కూరలో ఉప్పు సరిచూసుకున్నట్టే. నా అలవాట్లు మార్చుకున్నవి ఇవీ:

బరువెత్తేముందు కింద బిగించి, ఊపిరి వదులుతూ ఎత్తుతాను. వస్తువుని ఒంటికి దగ్గరగా పట్టుకుని, నడుం కాకుండా మోకాళ్లు వంచుతాను. నిండు గ్యాస్ సిలిండర్ ముట్టుకోను. గ్యాసే 14.2 కిలోలు, బండ బరువు కలిపితే 30 దాకా ఉంటుంది. 20 లీటర్ల నీళ్ల క్యాన్ అంటే 20 కిలోలే. బిందెకి బదులు రెండు చిన్న బకెట్లు, రెండుసార్లు.

దగ్గు, తుమ్ము వచ్చేముందు ఒక్కసారి బిగిస్తాను. మొదట్లో గుర్తుండదు, నెల తిరిగేసరికి దానంతటదే వస్తుంది. నాలుగు చుక్కల బాధ ముందు తగ్గింది దీనివల్లే. తగ్గని దగ్గుంటే ముందు దానికి మందు వాడండి.

మరుగుదొడ్లో ముక్కకూడదు. కుర్చీ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకుని, కొద్దిగా ముందుకి వంగి, నోరు తెరిచి ఊపిరి వదలండి. మలబద్ధకం లేకుండా నీళ్లు, ఆకుకూరలు, పళ్లు. మా ఇంట్లో ఇప్పుడు అవిసె గింజల పొడి రోజూ ఉండాల్సిందే. కప్పు అవిసె గింజలు చిటపటలాడేదాకా సన్నసెగ మీద వేయించండి. ఆరు ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర, చిన్న ఉసిరికాయంత చింతపండు విడిగా వేయించండి. చల్లారాక ఉప్పు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కలిపి బరకగా పొడి కొట్టండి. వేడన్నంలో రెండు చెంచాలు, నెయ్యి చుక్క. పొడి తిన్నరోజు నీళ్లు ఎక్కువ తాగడం మరచిపోకండి.

తగ్గిందా మరి?

అడుగుతారని తెలుసు! మూడు నెలల దాకా ఏమీ తెలియలేదు. మధ్యలో వదిలేద్దామనుకున్నాను కూడా. ఐదో నెలలో ఒక సాయంత్రం, పెరట్లో బట్టలు మడతపెడుతుంటే అనిపించింది: ఇవాళ దాని సంగతే గుర్తు రాలేదే అని. అంతే, అలా తెలిసింది.

మళ్లీ పరీక్షకి వెళ్తే డాక్టరమ్మ కండరాలు బాగా బలపడ్డాయన్నారు. "జారింది పూర్తిగా వెనక్కి వెళ్లిపోయిందా?" అంటే, "లేదు, కొద్దిగా ఉంది. నీకు ఇబ్బంది లేకపోతే నాకూ లేదు" అన్నారు. సాగిన తాళ్లు మళ్లీ కొత్తవి కావు. మంచం బిగిస్తే భారం తగ్గుతుంది, అంతవరకే. పోయిన సంక్రాంతికి అరిసెల హడావిడిలో ఒళ్లు మరిచి, పెద్ద మూకుడు పాకంతో సహా ఒక్కదాన్నే దించాను. వారం రోజులు మళ్లీ ఉసిరికాయ. మళ్లీ మొదటి పాఠం, పడుకుని ఊపిరి. అదీ సర్దుకుంది.

రేపు వయసు మీద పడ్డాక నాకు రింగో, ఆపరేషనో కావాల్సి రావచ్చు. వస్తే చేయించుకుంటాను. కానీ అప్పుడు ఏం అడగాలో నాకు తెలుసు: జారింది ఏది? ఏ దశ? ఆపరేషన్ కాకుండా ఇంకేం దారులున్నాయి? సంచి తీస్తే పైభాగం జారకుండా ఏం చేస్తారు? ఈ నాలుగు ప్రశ్నలూ ఈ పేజీ నుంచి కత్తిరించి పర్సులో పెట్టుకోండి. అడగడానికి డిగ్రీలు అక్కర్లేదు.

ఇక మా అమ్మాయి సంగతి. దానికి మామూలు కాన్పే అయింది, మనవరాలు పుట్టింది. మొన్న స్నానం చేసొచ్చి పాప ఉయ్యాల జరపబోయింది. గదిలోంచి అత్తయ్యగారి కేక వినిపించింది: "ఆగవే పిల్లా, అది మేం జరుపుతాం. నువ్వు ముందు ఊపిరి వదలడం నేర్చుకో!"

నలభై ఏళ్లు ఎవరికీ చెప్పుకోలేని మాట, ఇప్పుడు ఇంటిల్లిపాదీ వినేలా అంటున్నారావిడ. నాకు నవ్వొచ్చింది, కళ్లనీళ్లూ వచ్చాయి.

మీ ఇంట్లోనూ పెళ్లిళ్లలో గుమ్మం దగ్గరే కూర్చునే అత్తగారో, పిన్నిగారో, అక్కో ఉండే ఉంటారు. ఈ వారం వాళ్ల పక్కన కూర్చుని మెల్లగా అడగండి, "మీక్కూడానా?" అని. ఆ ఒక్క మాట చాలు.

వచ్చేవారం పాతచీరలతో బొంతలు కుట్టడం గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా బరువులు తగ్గించండి, ఊపిరి బిగబట్టకండి. ఉంటాను మరి!